పెరటి బురదలో జిల్లేడు చుట్టం

ప్రశ్న: నమస్తే అండి. మేము న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఉంటాం. మా బ్యాక్‌యార్డ్‌లో ఒక మూల ఎప్పుడూ తడే. కప్పు మీద పడ్డ వాన నీళ్ళన్నీ గొట్టంలోంచి అటే పోతాయి. గడ్డి పట్టదు, కాలు పెడితే చెప్పు దిగబడుతుంది. మా పాపకు స్కూల్లో మోనార్క్ సీతాకోకచిలుకల గురించి చెప్పారు. అప్పట్నుంచి వాటి పురుగులు తినే మిల్క్‌వీడ్ మొక్క కావాలని ఒకటే గొడవ. మే నెలలో ఒక స్టోర్‌లో ఎరుపూ పసుపూ కలిసిన పూల మిల్క్‌వీడ్ కుండీ కనబడితే తెచ్చి పెట్టాం. జూలైలో కాండం నిండా పసుపు పురుగులు పట్టాయి, వేపనూనె కొట్టాను. ఆగస్టులో చారల గొంగళిపురుగులు నాలుగు కనిపించాయి. పాప వాటికి పేర్లు కూడా పెట్టింది. వారం తిరక్కుండా నాలుగూ వేలాడిపోయి చచ్చిపోయాయి. ఈలోగా ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు ఆకు తుంచి, కారిన పాలు చూసి, "ఇది జిల్లేడే కదమ్మా, కొంపలో జిల్లేడు ఎవరైనా మొలిపించుకుంటారా?" అన్నారు. స్వాంప్ మిల్క్‌వీడ్ అని ఇంకోటి ఉందని, అది తడి నేలలోనే బాగా పెరుగుతుందని తెలిసింది. పెట్టమంటారా? దోమలు రావా? పిల్లలకు ప్రమాదం లేదా?
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందు మీ అత్తగారికి నా నమస్కారాలు. పాలు చూసి మొక్కను గుర్తుపట్టడమంటే మాటలు కాదు. మీరు తెచ్చింది అచ్చంగా జిల్లేడు కాదు కానీ, దగ్గర చుట్టమే. జిల్లేడు, మిల్క్‌వీడ్, గన్నేరు, నందివర్ధనం అన్నీ ఒకే కుటుంబం. అందులో జిల్లేడు, మిల్క్‌వీడ్ మరీ దగ్గర. ఆకు తుంచితే అవే పాలు, పువ్వు మధ్యలో అదే కిరీటం లాంటి కట్టడం, కాయ పగిలితే గాలికి ఎగిరే అదే దూది.

చుట్టరికం మొక్కలతో ఆగలేదు. మా ఊరి చెరువు గట్టున జిల్లేడు పొదల మీద చిన్నప్పుడు తెలుపూ నలుపూ పసుపూ చారల గొంగళిపురుగులు ఉండేవి, పట్టుకుంటే ముడుచుకునేవి. వాటిలోంచి నారింజ రంగు రెక్కలకు నల్ల అంచు, అంచులో తెల్ల చుక్కలు ఉన్న సీతాకోకచిలుక వస్తుంది. మీ అత్తగారు దాన్ని వందసార్లు చూసే ఉంటారు. మోనార్క్ దానికి వేలువిడిచిన అన్నదమ్ముడు, డానాస్ అనే ఒకే ప్రజాతి. తేడా కావాలంటే పురుగు వీపు చూడండి. మన జిల్లేడు పురుగుకి నల్లటి మెత్తని కొమ్ములు మూడు జతలుంటాయి. మోనార్క్ పురుగుకి రెండే జతలు, తల దగ్గర ఒకటి, తోక దగ్గర ఒకటి. ఈ లెక్క మీ పాపకు అత్తగారి చేత చెప్పించండి. మొక్క విషయంలో సగం రాజీ అక్కడే కుదిరిపోతుంది.

ఇక శకునం సంగతి. "వాడి ఇంట జిల్లేళ్ళు మొలవ" అని మనవాళ్ళు తిట్టేది నిజమే. మనుషులు వదిలేసి పోయిన పాడు దిబ్బల మీద ఎవరూ పెట్టకుండానే మొలిచేది జిల్లేడు కాబట్టి ఆ తిట్టు వచ్చింది. తిట్టులో అసలు బాధ ఇంట్లో మనిషి లేకపోవడం గురించి. మీ ఇంట్లో అత్తగారు, మీరు, పాప అందరూ తిరుగుతూనే ఉన్నారు. అదీగాక వినాయక చవితి ఇరవై ఒక్క పత్రిలో అర్క పత్రం జిల్లేడాకే. రథసప్తమి నాడు తలమీద ఏడు జిల్లేడాకులు పెట్టుకునే స్నానం చేస్తాం. పూజకు పనికొచ్చేది పెరటికి పనికిరాదనడం ఏం న్యాయం? ఇదే మాట అత్తగారితో మీరంటే ఎదురు చెప్పినట్టు ఉంటుంది. నేనన్నానని చెప్పండి.

ఆ నాలుగు పురుగులు ఎందుకు చచ్చిపోయాయో ఉత్తరం చదివి ఖాయంగా చెప్పలేను. అనుమానితులు మాత్రం ఇద్దరు.

మొదటిది కుండీతోనే వచ్చిన మందు. షాపులకు వచ్చే మొక్కలకు పెంచేచోట కొట్టే మందుల్లో కొన్ని ఆకు మీద ఆగవు, వేరులోంచి ఒంట్లోకి ఎక్కి ఆకులో, తేనెలో, పుప్పొడిలో కూడా నెలల తరబడి ఉండిపోతాయి. కడిగినా పోవు. ఆకు మచ్చ లేకుండా మెరుస్తుంటుంది, తిన్న పురుగు వేలాడిపోతుంది. సీతాకోకచిలుకల మొక్క అని బోర్డు పెట్టి అమ్మినా ఇది జరుగుతుంది. నాకూ జరిగింది. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక షాపులో మూడు కుండీలు కొని, పదిహేను పురుగులు పోగొట్టుకున్నాను. అప్పట్నుంచి కొనేముందు ఒకటే ప్రశ్న అడుగుతాను: "దీనికి ఒంట్లోకి ఎక్కే పురుగుమందు ఏదైనా వాడారా?" తెలీదంటే కొనను.

రెండోది, చెప్పడానికి కష్టంగా ఉంది, మీ వేపనూనె. మన చేతికి వేపనూనె అంటే పసుపు ముద్ద లాంటిది, ఎక్కడ ఏం కనబడినా రాసేస్తాం. వంకాయకు, బెండకు బాగానే పనిచేస్తుంది. ఎందుకు పనిచేస్తుంది? ఆకు తినే పురుగును తిననివ్వకుండా, కుబుసం విడవనివ్వకుండా చేసి చంపుతుంది కాబట్టి. వేపకు మంచి పురుగు, చెడ్డ పురుగు అని తేడా తెలీదు. కొట్టి చాలా రోజులైతే దాని పని చాలావరకు అయిపోతుంది, కాబట్టి జూలైలో ఒక్కసారే కొట్టి ఉంటే నా అనుమానం కుండీ మీదే ఎక్కువ. ఆగస్టులో మళ్ళీ కొట్టి ఉంటే మాత్రం సమాధానం మీకే తెలిసిపోయింది. ఏదేమైనా మిల్క్‌వీడ్ మీద ఇకనుంచి వేపనూనె, సబ్బునీళ్ళు, వెల్లుల్లి కషాయం ఏవీ వద్దు. ఈ మొక్కను మనం పెంచేదే పురుగు తినడానికి. ఆకులు చిల్లులు పడి, కొసలు బోడి అయి కనబడిన రోజున పాపకు ఐస్‌క్రీం కొనిపెట్టండి.

మరి ఆ పసుపు పురుగులు? అవి పేనుబంక. నల్ల కాళ్ళు, నిమ్మపండు రంగు ఒళ్ళు. గన్నేరు మీదా జిల్లేడు మీదా మన ఊళ్ళో పట్టేది కూడా ఇదే జాతి. అత్తగారిని అడగండి, చూడగానే చెబుతారు. ఇక్కడ ఇవన్నీ ఆడవే, మగ తోడు లేకుండానే పిల్లల్ని కంటాయి, అందుకే వారంలో కాండం కనబడకుండా పట్టేస్తాయి. చూడ్డానికి వికారంగా ఉన్నా ముదిరిన మొక్కను చంపవు. మరీ చూడలేకపోతే ముందు ఆకు కింద మోనార్క్ గుడ్లు లేవని చూసుకుని, వేళ్ళతో నలిపేయండి, లేదా కాండాన్ని ఒక చేత్తో పట్టుకుని పైపుతో నీళ్ళు కొట్టండి. నాలుగు రోజులు ఓపిక పడితే అక్షింతల పురుగులు వాటంతటవే వచ్చి భోజనానికి కూర్చుంటాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. పెట్టండి. మీ మూలకు స్వాంప్ మిల్క్‌వీడ్ కంటే మంచి మొక్క నాకు తట్టడం లేదు.

మీరు తెచ్చిన ఎరుపూ పసుపూ పూలది మీ న్యూజెర్సీ మొక్క కాదు, ఉష్ణమండల అమెరికా నుంచి వచ్చింది. మీ దగ్గర మొదటి గట్టి మంచుకే చచ్చిపోతుంది, పెద్ద నష్టం లేదు. ఇది చదువుతున్న టెక్సస్, ఫ్లోరిడా వాళ్ళు మాత్రం జాగ్రత్త. మీ దగ్గర అది చలికాలమంతా పచ్చగా ఉండి, మోనార్క్‌లకు పట్టే ఒక కంటికి కనబడని పరాన్నజీవిని ఆకుల మీద పోగేస్తుంది. దాని బారిన పడ్డ సీతాకోకచిలుకలు గూటిలోంచి సరిగ్గా బయటికి రాలేవు, వచ్చినా రెక్క విప్పుకోలేవు. కనీసం అక్టోబరులో మొదలుకి నరికేసి, చలికాలమంతా కొత్త చిగురు వచ్చినప్పుడల్లా తుంచేస్తూ ఉండండి.

స్వాంప్ మిల్క్‌వీడ్ మీ నేలదే. తూర్పు, మధ్య అమెరికాలో ఏటి ఒడ్డున, చిత్తడి పొలాల్లో, చెరువు అంచుల్లో దానంతట అది పెరిగేది. కొనేటప్పుడు వాడుక పేర్లను నమ్మకండి, ప్యాకెట్ మీద ఆస్‌క్లెపియాస్ ఇన్‌కార్నేటా అన్న శాస్త్రీయ నామం చూసుకోండి. మూడు నుంచి ఐదడుగుల ఎత్తు. ఆకులు సన్నగా, గన్నేరాకు పోలికలో ఉంటాయి. జూలై, ఆగస్టుల్లో గులాబీ రంగు పూలు గుత్తులుగా వస్తాయి, దగ్గరికి వెళ్తే వెనిలా లాంటి సన్నని వాసన. రోడ్ల పక్కన కనబడే మామూలు మిల్క్‌వీడ్ నేల కింద పిలకలు వేసుకుంటూ పక్కింటి లాన్‌లోకి కూడా వెళ్ళిపోతుంది. ఇది అలా కాదు, నాటిన చోటే దుబ్బుగా ఉంటుంది. కొన్నేళ్ళకు తల్లిమొక్క పోయినా చుట్టూ రాలిన గింజలు మొలుస్తాయి. పాల వల్ల జింకలు సాధారణంగా జోలికి రావు. న్యూజెర్సీలో ఇది చిన్న విషయం కాదని మీకు చెప్పక్కర్లేదు. కుందేళ్ళు మాత్రం లేత నారు కొరికేస్తాయి, మొదటి వేసవి చుట్టూ కాస్త కోడివల కట్టండి.

తడి ఒక్కటే సరిపోదు, ఎండ కావాలి. రోజుకు ఆరు గంటలు తగ్గకుండా. మీ మూల తడిగా ఉండడానికి కారణం పెద్ద మేపుల్ చెట్టు నీడైతే ఈ మొక్క సాగిపోయి పక్కకు వాలుతుంది, పూలు తక్కువ. వచ్చే జూన్ దాకా ఆగకుండా ఇప్పుడే ఎండ ఎటు నుంచి ఎంతసేపు పడుతోందో పాపను గీసి పెట్టమనండి. అయితే ఇప్పుడు అక్టోబరు, ఎండ వాలుగా ఉంటుంది, వేసవిలో ఇంకా ఎక్కువే పడుతుందని గుర్తుంచుకోండి. మట్టి గురించి టెన్షన్ అక్కర్లేదు. మీ ప్రాంతం బంకమట్టి టమాటాలకు శాపం, దీనికి వరం. ఎరువు వేయకండి.

దోమల సంగతి. మీ భయం అర్థమైంది. నీళ్ళు నిలిచిన చోట దోమ గుడ్డు పెట్టి అది రెక్కలొచ్చి ఎగరడానికి ఎండాకాలంలో వారం, పది రోజులు పడుతుంది. వాన వెలిసిన రెండు మూడు రోజుల్లో నీళ్ళు ఇంకిపోతే దోమకు టైం చాలదు. ఇదొక్కటీ పరీక్షించుకోండి: ఆ మూలలో అడుగు లోతు గొయ్యి తవ్వి, నిండా నీళ్ళు పోసి, మర్నాడు చూడండి. ఒక రోజులో ఇంకితే చింత లేదు. తవ్వే ముందు మాత్రం 811కి ఫోన్ చేయండి, ఉచితం, కరెంటు, గ్యాస్ లైన్లు ఎక్కడున్నాయో వచ్చి గుర్తులు పెట్టి పోతారు. అలా ఇంకే చోటైతే మధ్యలో కాస్త లోతు తీసి, అంచున మట్టి కట్ట వేసి చిన్న వాన తోటలా (రెయిన్ గార్డెన్) కూడా చేయొచ్చు. ఇంటి పునాదికి పదడుగుల దూరంలో ఉండాలి, లేకపోతే బేస్‌మెంట్‌లోకి నీళ్ళు దిగుతాయి. ఎలా కొలవాలో, ఎంత లోతో బొమ్మలతో సహా రట్గర్స్ యూనివర్సిటీ వాళ్ళ మాన్యువల్ ఉంది, మీ రాష్ట్రానికే రాసింది.

అప్పటికీ ఎక్కడైనా నీళ్ళు వారానికి పైగా నిలిస్తే నీళ్ళలో వేసే దోమల బిళ్ళలు దొరుకుతాయి. డబ్బా మీద బీటీఐ అని ఉందో బీటీకే అని ఉందో కళ్ళద్దాలు పెట్టుకుని చదవండి. బీటీఐ దోమ పిల్లల్ని చంపుతుంది, గొంగళిపురుగుల జోలికి పోదు. బీటీకే గొంగళిపురుగుల్ని చంపడానికే తయారైంది. అక్షరం తేడా, అంతే. నెలనెలా వచ్చి పెరడంతా దోమల మందు కొట్టిపోయే సర్వీస్ మీకు గానీ ఉంటే, అది మానకుండా ఈ మొక్క పెట్టడం అన్నం పెట్టి విషం కలిపినట్టే.

గింజల సంగతికి వద్దాం, మీ ఉత్తరం సరైన టైంకే వచ్చింది. ఈ గింజ చలి తగలందే మొలవదు. అక్టోబరులో రాలిన గింజ వెంటనే మొలిస్తే మంచుకు చచ్చిపోతుంది కదా, అందుకని నాలుగు నుంచి ఆరు వారాలు తడి చలిలో పడుకుని లేస్తేనే పగులుతుంది. నేరుగా ఆ మూలలో చల్లుదామనుకోకండి. గొట్టం నీళ్ళు ఒక్క వానకు గింజల్ని పక్కింటికి చేరుస్తాయి.

పాల డబ్బా పద్ధతి చెబుతాను. పెరుగు తోడుపెట్టే మన ఇళ్ళల్లో గ్యాలన్ పాల డబ్బాలకు కొదవేముంది? డబ్బా కడిగి, నడుం చుట్టూ కోసి, పిడి దగ్గర రెండంగుళాలు వదిలేయండి, అదే మడత బందు. అడుగున ఐదారు బెజ్జాలు. కింద సగంలో నాలుగంగుళాల కుండీ మట్టి తడిపి నింపి, పది పన్నెండు గింజలు పరిచి, పైన పావంగుళం మట్టి. మూత పారేయండి, వాన, మంచు ఆ నోట్లోంచే లోపల పడాలి. కోసిన చోట టేపు చుట్టి, డిసెంబరులోనో జనవరిలోనో ఎండ పడే చోట బయట పెట్టేసి మర్చిపోండి. మంచులో కూరుకుపోయినా లోపలికి తెచ్చి జాలి పడొద్దు. ఏప్రిల్ ఆఖరుకో మే మొదటికో పచ్చటి మొలకలు కనిపిస్తాయి. నాలుగంగుళాలు అయ్యాక, జూన్ లోపల, అడుగున్నర నుంచి రెండడుగుల ఎడంలో నాటండి. జనవరి దాటిపోతే ఇంకో దారి ఉంది: మార్చిలో గింజల్ని తడి పేపర్ టవల్‌లో చుట్టి జిప్ సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో ఆరు వారాలు. సంచి మీద పెద్దక్షరాలతో పేరు రాయండి. మా ఇంట్లో ఒకసారి గుమ్మడి గింజలనుకుని వేయించబోయారు.

గింజలు మాకెందుకు, నారే కొంటామంటే మే నెలలో స్థానిక మొక్కలు అమ్మే నర్సరీలకు వెళ్ళండి. న్యూజెర్సీకి నేటివ్ ప్లాంట్ సొసైటీ ఉంది, వాళ్ళను అడిగితే దారి చెబుతారు. ఆరు మొక్కలకు తగ్గొద్దు. గుడ్డులోంచి వచ్చిన రోజు నుంచి గూడు కట్టే రోజు దాకా, అంటే పది నుంచి పద్నాలుగు రోజుల్లో, మోనార్క్ పురుగు బరువు సుమారు రెండువేల రెట్లు పెరుగుతుంది. ఒకటే మొక్క ఉంటే మధ్యలోనే కంచం ఖాళీ. మీ ఆగస్టు పురుగులు బతికి ఉన్నా ఆకలికి పోయేవేమో.

గింజతో పెంచితే మొదటి ఏడు పూలు ఆశించకండి, రెండో ఏడు చూడండి. ఇంకో హెచ్చరిక, నా సొంత అనుభవం. ఈ మొక్క చలికి నేలదాకా ఎండిపోతుంది, వసంతంలో అన్నిటికన్నా ఆలస్యంగా లేస్తుంది. పక్కన తులిప్‌లు పూసి రాలిపోతున్నా దీని జాడ ఉండదు. ఒక ఏప్రిల్‌లో ఓపిక లేక తవ్వి చూశాను. తెల్లటి లావు వేళ్ళు, వాటి నెత్తిన బియ్యపు గింజంత ఊదారంగు మొగ్గలు. చచ్చిందనుకుని నేనే చంపబోయాను. పాత కాడల్ని అడుగు ఎత్తు వదిలి కోయండి, మొక్క ఎక్కడుందో అవే గుర్తు, మే నెలాఖరు దాకా ఆ చుట్టుపక్కల పార ఆడించొద్దు.

జూలైలో పూలు విచ్చాక ఒక సాయంత్రం పాపను తీసుకుని కుర్చీ వేసుకుని ముందు కూర్చోండి. ఈ పువ్వు మిగతా పూల లాగా పుప్పొడిని పొడిగా చల్లదు, రెండు చిన్న పసుపు సంచుల్లో కట్టి, మధ్యలో నల్లటి క్లిప్పు పెట్టి దాచుకుంటుంది. పువ్వు నడుమ ఐదు దొన్నెల్లో తేనె, దొన్నెకూ దొన్నెకూ మధ్య సన్నని చీలిక. తేనె తాగడానికి వాలిన తుమ్మెద కాలు జారి చీలికలో పడుతుంది, గుంజుకునేసరికి క్లిప్పు గోటికి తగులుకుని సంచుల జత బయటికి వస్తుంది. ఇంకో పువ్వు మీద అదే కాలు మళ్ళీ జారితే సంచి అక్కడ దిగబడుతుంది. అంత కష్టపడితే తప్ప కాయ కట్టదు, అందుకే గుత్తికి ఇరవై ముప్ఫై పూలున్నా కాయలు ఒకటో రెండో. తుమ్మెద కాళ్ళ చివర పసుపు గజ్జెలు కట్టినట్టు కనబడితే అవి ఈ సంచులే. చిన్న ఈగలు, ఒక్కోసారి తేనెటీగ కూడా, కాలు గుంజుకోలేక అక్కడే వేలాడి చచ్చిపోతాయి. పాప చూస్తే దాచకుండా చెప్పండి. జిల్లేడు పువ్వులోనూ ఇదే యంత్రం, మన తుమ్మెదలు అక్కడ చేసే పనీ ఇదే.

మోనార్క్ గుడ్డు ఆకు అడుగున ఒంటరిగా ఉంటుంది, గుండుసూది తలంత, మీగడ రంగు, నిలువు గీతలతో. నాలుగు రోజులకు పగులుతుంది. పురుగు పెద్దదయ్యాక తినే పద్ధతి చూడాలి. ముందు ఆకు తొడిమనో నడిమి ఈనెనో కొరికి గాటు పెడుతుంది. పాలు అక్కడ కారిపోతాయి, ఆకు వాడి కిందికి వేలాడుతుంది, అప్పుడు తాపీగా కొస నుంచి మొదలుపెడుతుంది. బెండకాయ కోసేముందు జిగురు పోవడానికి మనం పడే తంటాలాంటిదే.

అన్నీ బతకవు, ఇది ముందే చెప్పి పెట్టండి. సాలీళ్ళు, కందిరీగలు, నల్లి జాతి వేట పురుగులు, పురుగు ఒంట్లో గుడ్లు పెట్టే ఈగలు – వంద గుడ్లలో పది కూడా రెక్కల దాకా రావు. ఇది మీ తప్పు కాదు, ఎప్పుడూ ఉన్న లెక్కే. పాప ముచ్చటకు ఒకటో రెండో పురుగుల్ని వలతొట్టెలో పెట్టి గూడు కట్టడం చూపించండి, తప్పులేదు. ముప్ఫై, నలభై తెచ్చి ఇంట్లో పెంచకండి. ఇరుకులో రోగాలు పాకుతాయి, బాగు చేద్దామని చెడగొట్టినట్టవుతుంది.

పిల్లలకు ప్రమాదమా అంటే, ఉంది, భయపడేంత కాదు. ఆకు, కాండం తింటే విషం. చంటిపిల్లలుండే ఇంట్లో అయితే నేను కంచె బయట పెట్టమనేదాన్ని. పాప బడికి వెళ్ళే పిల్ల కాబట్టి రెండు నియమాలు చాలు. ఒకటి, నోట్లో పెట్టకూడదు. రెండోది ముఖ్యం: పాలు అంటిన చేత్తో కళ్ళు నులుముకోకూడదు. జిల్లేడు పాలు కంట్లో పడితే ఏమవుతుందో అత్తగారికి తెలుసు, ఇదీ అంతే. నొప్పి పెద్దగా లేకపోయినా నల్లగుడ్డు పొర వాచి చూపు మసకబారుతుంది. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఒకవేళ కంట్లో పడితే పావుగంట ధారగా నీళ్ళతో కడిగి, ఆగకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఒంటరిగా ఇదొక్కటే పెట్టి ఊరుకోకండి. ఆగస్టు దాటాక దీని పూలు అయిపోతాయి, మోనార్క్‌లకు అసలు అవసరం అప్పుడే మొదలు. సెప్టెంబరు, అక్టోబరుల్లో అవి మెక్సికో నడిబొడ్డున ఉన్న కొండ అడవులకు బయల్దేరతాయి, మీ ఇంటి నుంచి మూడువేల కిలోమీటర్లకు పైనే. అవి చలికాలం అక్కడ తలదాచుకుంటాయని బయటి ప్రపంచానికి తెలిసింది 1975లో. చెట్లకు వేలాడే ఆ గుంపుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేరు, ఎన్ని హెక్టార్ల అడవి కప్పాయో కొలుస్తారు. 1996-97 చలికాలంలో 18 హెక్టార్లు దాటింది, 2013-14లో 0.67కు పడిపోయింది, 2024-25లో 1.79. వీటిని ముప్పులో ఉన్న జీవుల జాబితాలో చేర్చాలని 2024 డిసెంబరులో అమెరికా వన్యప్రాణి శాఖ ప్రతిపాదించింది. అంత దూరం వెళ్ళడానికి ఒంట్లో కొవ్వు కావాలి, దానికి తేనె కావాలి. అందుకని అదే తడి మూలలో న్యూ ఇంగ్లండ్ ఆస్టర్, జో పై వీడ్ రెండు మూడు దుబ్బులు పెట్టండి. ఆస్టర్ సెప్టెంబరులో ఊదారంగులో పూస్తుంది, చామంతికి చెల్లెలిలా ఉంటుంది. చిత్తడి నేలల్లో ఊదా గులాబీ కంకులతో కనబడే పర్పుల్ లూస్‌స్ట్రైఫ్ మాత్రం ఎవరు పుణ్యానికి ఇచ్చినా తెచ్చుకోకండి. యూరప్ నుంచి వచ్చి ఇక్కడి చిత్తడి నేలల్ని ఆక్రమించింది, గుర్రపుడెక్క మన చెరువుల్ని మింగినట్టు. వచ్చే సెప్టెంబరు ఆఖరున ఒక శనివారం వీలు చేసుకుని మీ రాష్ట్రం దక్షిణపు కొసన ఉన్న కేప్ మే వెళ్ళండి. డెలావేర్ అఖాతం దాటే ముందు మోనార్క్‌లు అక్కడ ఆగుతాయి, గాలి అనుకూలించిన రోజున చెట్లు వాటితో నిండి ఉంటాయి. పాప కోసం అని తీసుకెళ్ళి మీరే ఎక్కువసేపు నిలబడిపోతారు.

చివరగా, మీ అత్తగారు మెత్తబడితే అడిగే ప్రశ్న నాకు తెలుసు: "పోనీ రథసప్తమికి ఈ ఆకులైనా వాడుకోవచ్చా?" రథసప్తమి జనవరిలోనో ఫిబ్రవరిలోనో వస్తుంది. అప్పటికి ఈ మొక్క మంచు కింద మోడు, ఒక్క ఆకూ ఉండదు. పాత అలవాటు ప్రకారం ఊరి నుంచి వచ్చే వాళ్ళ చేత తెప్పించుకుందామంటే పచ్చి ఆకులు విమానాశ్రయంలో పారేయిస్తారు. రేగుపండ్లతో కానివ్వమనండి, ఎడిసన్ ఇండియన్ స్టోర్లలో ఆ రోజులకు వెతికితే దొరుకుతాయి.